పెరటి పిట్టల ఫోటోలు: కొత్త లెన్సు కొనేముందు సర్దుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది: పెరట్లోకి రోజూ పిట్టలు, సీతాకోకచిలుకలు, తూనీగలు వస్తున్నాయి. కెమెరా పట్టుకుని బయటికి వెళ్లేలోపే ఎగిరిపోతున్నాయి. ఎప్పుడైనా దొరికినా పిట్ట చిన్న చుక్కలా మసకగా ఉంటోంది, వెనక గోడా బట్టల తీగా మాత్రం స్పష్టంగా పడుతున్నాయి. చేతిలో ఏపీఎస్-సీ సెన్సర్ (పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరా, 70-300 ఎంఎం జూమ్ లెన్సు ఉన్నాయి. 600 ఎంఎం లెన్సు కొంటే ఫలితం మారుతుందా?

మారేది కొంచెమే. 600తో పిట్ట పెద్దదవుతుంది, కానీ వెనక గోడ పోదు, నడినెత్తి ఎండ తగ్గదు, పిట్ట బెదురూ అలాగే ఉంటుంది. అడవికి వెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు లేని వీలు పెరట్లో మీకుంది. పిట్ట ఎక్కడ వాలాలి, దాని వెనక ఏముండాలి, వెలుగు ఎటునుంచి పడాలి అన్నవి ముందుగానే మీరు ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఏర్పాటు కుదిరితే 300 ఎంఎం చాలు. లెక్క చూడండి: మీ కెమెరా మీద 300 ఎంఎం లెన్సుతో 3 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు 23 సెంటీమీటర్లు. 12 సెంటీమీటర్ల పిట్ట అందులో సగం నిండుతుంది. కాబట్టి అసలు పని పిట్టను 3 మీటర్ల దూరంలోకి, దాని ఇష్టంతోనే రప్పించడం.

రప్పించడానికి గింజల కంటే నీళ్లు మేలు. గింజలకు గింజలు తినే పిట్టలే వస్తాయి. నీళ్లకు పురుగులు తినేవీ, పండ్లు తినేవీ, తేనె తాగేవీ అన్నీ వస్తాయి. అడుగున్నర వెడల్పు, లోతు తక్కువ ఉన్న మట్టి పళ్లెం చాలు. అంచు దగ్గర 1 సెంటీమీటరు, మధ్యలో 4 లేదా 5 సెంటీమీటర్లకు మించి నీళ్లు ఉండకూడదు. నున్నటి ప్లాస్టిక్ పళ్లేల్లో కాళ్లు జారతాయి కనుక పిట్టలు అంచు మీదే కూర్చుని తాగి వెళ్లిపోతాయి, దిగి స్నానం చేయవు. అడుగున ఒక గరుకు రాయి పెడితే ఆ ఇబ్బంది పోతుంది. పైనుంచి చుక్కలు పడే ఏర్పాటు ఉంటే ఆ చప్పుడుకు, నీటి కదలికకు దూరాన ఉన్న పిట్టలు కూడా వస్తాయి. 2 లీటర్ల సీసాను మూత కిందికి వచ్చేలా వేలాడదీసి, మూతకు సూదితో రంధ్రం చేయండి. సెకనుకు ఒక చుక్క చొప్పున పడితే గంటకు 180 మిల్లీలీటర్ల దాకా ఖర్చవుతుంది, అంటే సీసా ఒక పగలంతా వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: సీసా పైభాగాన గాలి పోవడానికి ఇంకో చిన్న రంధ్రం పెట్టరు. లోపల గాలి పలచబడి పది నిమిషాల్లో చుక్క ఆగిపోతుంది.

నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి పళ్లేన్ని బ్రష్షుతో రుద్దాలి. వేడి వాతావరణంలో దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం దాకా పడుతుంది కాబట్టి ఈ లెక్కన దోమల బెడద ఉండదు. గింజలు వేస్తే సాయంత్రానికి అయిపోయేంతే వేయండి. మిగిలినవి తడిసి బూజు పడితే పిట్టలకు జబ్బు చేస్తుంది, రాత్రికి ఎలుకలు చేరతాయి. గింజల పళ్లేన్ని వారానికోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంతో కడిగి, మంచినీళ్లతో బాగా తొలిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడాలి. ఒంటి ఈకలు ఉబ్బించుకుని, కళ్లు వాచి, మనిషి దగ్గరికి వచ్చినా కదలని పిట్ట కనిపిస్తే మేతా నీళ్లూ రెండు వారాలు పూర్తిగా ఆపేయండి. ఒకే పళ్లెం చుట్టూ గుమిగూడితే ఆ జబ్బు మిగతావాటికి అంటుతుంది. మొక్కలకు పురుగుమందు కొట్టడం కూడా ఆపాలి. గింజలు తినే పిచ్చుక సైతం పిల్లలకు పురుగులే పెడుతుంది. పురుగులు లేని పెరట్లో పిట్టలు గూళ్లు కట్టినా పిల్లలు బతకవు.

ఇక వాలే కొమ్మ. ఫోటోలో అందం అనేది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. పిట్ట నేరుగా నీళ్లలోకి దిగదు. ముందు దగ్గర్లోని కొమ్మ మీద వాలి, చుట్టూ చూసుకుని, భయం లేదనుకున్నాక దిగుతుంది. ఆ కొమ్మను మీరే పెట్టాలి. వేలిలావు కంటే సన్నగా, బెరడుతో ఉన్న ఎండుకొమ్మను ఇసుక నింపిన కుండీలో గుచ్చి, పళ్లేనికి 30, 40 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. కొమ్మ లావుగా ఉంటే పిట్ట కాళ్లూ పొట్టా దాని వెనక దాగిపోతాయి. ఎత్తు, మీరు కూర్చున్నప్పుడు మీ కళ్లకు సమంగా రావాలి. దగ్గర్లో వాలడానికి వేరే కొమ్మలుంటే పిట్ట వాటినే ఎంచుకుంటుంది. కాబట్టి నాలుగు కొమ్మలు గుచ్చడం కంటే ఒక్కటే ఉంచి చుట్టుపక్కల తీగలూ కర్రలూ తీసేయడం మంచిది. రెట్టలు పడి తెల్లబడిన కొమ్మ ఫోటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వారానికోసారి మార్చండి.

కొమ్మకూ వెనకున్న గోడకో చెట్లకో మధ్య దూరం కనీసం 4, 5 మీటర్లు ఉండాలి. మీరు కొమ్మకు 3 మీటర్లలో ఉండి, గోడ కొమ్మకు 1 మీటరులో ఉంటే ఆ గోడ పూర్తిగా కరగదు. అదే గోడ 5 మీటర్ల వెనక్కి వెళితే, వెనకంతా మెత్తటి రంగుగా మారిపోతుంది. పెరడు ఇరుకైతే కొమ్మను మూల నుంచి మూలకు, అంటే ఐమూలగా చూసేలా పెడితే ఎక్కువ దూరం కలిసొస్తుంది. అదీ కుదరకపోతే గోడకు ముదురాకుపచ్చ గుడ్డ ఒకటి బిగుతుగా కట్టండి. ఉదయం మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంటన్నర ఎండ మీ వీపు వైపు నుంచి వచ్చేలా మీ కుర్చీ చోటు చూసుకోండి. మధ్యాహ్నం తీసిన పిట్ట ఫోటోలో కంటిగుంట నల్లగా పడుతుంది, కంట్లో మెరుపుండదు. కంట్లో మెరుపు లేని పిట్ట ప్రాణం లేనట్టే కనిపిస్తుంది.

నీళ్ల పళ్లేనికి 2, 3 మీటర్ల దూరంలో ఒక గుబురు పొద ఉండాలి. అంతకంటే దగ్గరైతే పిల్లి అందులో నక్కి దూకుతుంది, ఇంకా దూరమైతే డేగ వచ్చినప్పుడు పిట్ట పారిపోయి దాక్కునే చోటుండదు. కిటికీ అద్దం సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. అద్దంలో ఆకాశం, చెట్లు ప్రతిబింబిస్తే పిట్టలు అటే ఎగిరి గుద్దుకుని చస్తాయి. పళ్లెం అద్దానికి 1 మీటరు లోపలే ఉంటే వేగం పుంజుకునే జాగా ఉండదు, లేదా 10 మీటర్లకు పైగా దూరంలో పెట్టాలి. ఈ రెంటికీ మధ్య దూరాలే ప్రమాదం. అద్దం బయటివైపు 5 సెంటీమీటర్ల ఎడంలో చుక్కలో గీతలో అంటిస్తే గుద్దుకోవడం బాగా తగ్గుతుంది. ఒక మూలన ఒకే డేగ బొమ్మ అంటిస్తే ప్రయోజనం లేదు.

మీరు కనబడకుండా ఉండటం తర్వాతి పని. ముదురు రంగు గుడ్డను నాలుగు కర్రలకు బిగించి, లెన్సు పట్టేంత సందు వదిలితే చాటు తయారు. గుడ్డ వదులుగా ఉండి గాలికి రెపరెపలాడితే మీకంటే దానికే పిట్టలు ఎక్కువ బెదురుతాయి. కట్టిన రోజే లోపల కూర్చోవద్దు. రెండు మూడు రోజులు ఖాళీగా వదిలేస్తే అది పెరట్లో ఒక భాగమైపోతుంది. తర్వాత తెల్లవారకముందే లోపలికి వెళ్లండి. పగటిపూట వెళ్లాల్సి వస్తే ఇంకొకరిని వెంటబెట్టుకుని ఇద్దరూ వెళ్లి, ఒకరు మాత్రం తిరిగి వచ్చేయండి. మనిషి వెళ్లిపోయాడనుకుని చాలా పిట్టలు కాసేపట్లోనే మామూలుగా తిరగడం మొదలుపెడతాయి. కాకి జాతి పిట్టలను మాత్రం ఇలా ఏమార్చడం కష్టం.

చాటు లేకుండా నడిచి దగ్గరికి వెళ్లాలంటే పిట్ట ఒంటిని చదవడం రావాలి. ఈకలు సవరించుకుంటున్నా, ఒంటికాలి మీద నిలబడినా, ఒళ్లు గుండ్రంగా వదులుగా ఉన్నా అది నిశ్చింతగా ఉన్నట్టు. సవరించుకోవడం ఠక్కున ఆపి, మెడ చాచి, ఈకలు ఒంటికి అదుముకుని సన్నబడిందంటే మీరు గీత దాటారు. అక్కడే ఆగాలి. కళ్లు దించుకుని, పక్కకు తిరిగి, మళ్లీ అది సవరించుకునే దాకా నిలబడి, అప్పుడు ఒక్క అడుగు. రెట్ట వేసి, ఒళ్లు ముందుకు వంచిందంటే ఎగరబోతోందని అర్థం. రెక్క విప్పే ఫోటో కావాలంటే బటన్ నొక్కాల్సింది ఆ క్షణమే.

గదిలోంచి తీయడం ఇంకా తేలిక. కిటికీకి కర్టెన్ కట్టి మధ్యలో లెన్సు సందు ఉంచండి, గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. అద్దం మూసి తీయాల్సి వస్తే లెన్సు అంచు అద్దానికి ఆనేలా, అద్దానికి లంబంగా, సూటిగా పెట్టాలి. ఏటవాలుగా తీస్తే అంచులు రెండుగా, మసకగా వస్తాయి. ఏసీ వేసిన గది కిటికీ తెరిచి బయటి వేడిలోకి తీసినా ఫోటోలు మెత్తగా వస్తాయి. చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలిసి లెన్సు ముందు అలల్లా కదలడమే కారణం. చాలామంది ఆ తప్పు లెన్సు మీద వేసి రిపేరుకిస్తారు. ఏసీ ఆపి, కిటికీలన్నీ తెరిచి అరగంట ఆగితే సరిపోతుంది.

మసక ఫోటోల గురించి అడిగారు కనుక దీనిమీద కొంచెం ఎక్కువ చెప్పాలి. మసక అన్నీ ఒకటి కాదు. ఫోటోను 100 శాతానికి పెంచి చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా కదిలింది. కొమ్మా, పిట్ట గోళ్లూ స్పష్టంగా ఉండి తల మాత్రమే చెరిగినట్టుంటే పిట్ట కదిలింది. పిట్ట మెత్తగా ఉండి వెనకున్న ఆకు పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎక్కడా పదును లేక, అంచులన్నీ వణికినట్టుంటే అది వేడిగాలి. ఈ నాలుగింటికీ మందులు వేరు. మొదటి రెండింటికీ షట్టర్ స్పీడ్ పెంచాలి. చిన్న పిట్టలు తలను క్షణక్షణం విదిలిస్తుంటాయి కాబట్టి కొమ్మ మీద కూర్చున్నదానికైనా సెకనులో 1000వ వంతు పెట్టండి. స్నానం చేస్తుంటే 2000వ వంతు. పువ్వు ముందు గాల్లో నిలబడిన తేనెపిట్టకు 2500 లేదా 3200. కెమెరాను మాన్యువల్‌లో ఉంచి షట్టరూ, ఎపర్చరూ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) మీరు పెట్టి, ఐఎస్ఓను (సెన్సర్ అందుకున్న వెలుగును ఎంత పెంచాలో చెప్పే అంకెను) ఆటోకు వదిలేయండి, గరిష్ఠం 3200 లేదా 6400. ఐఎస్ఓ పెరిగి ఫోటోలో వచ్చే గరుకు చుక్కలను సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది, చెరిగిపోయిన కన్నును ఏదీ తిరిగి తేలేదు.

ఫోకస్ తప్పడానికి కారణం పదునుగా పడే లోతు చాలా తక్కువగా ఉండటం. 300 ఎంఎం, ఎఫ్ 5.6, 3 మీటర్ల దూరంలో పదునుగా కనిపించే మందం సుమారు 2 సెంటీమీటర్లే. పిట్ట పక్కకు తిరిగి ఉంటే ఒళ్లంతా అందులో ఇముడుతుంది, మీ వైపు తిరిగితే ముక్కుకో కంటికో ఏదో ఒకదానికే. అందుకని ఫోకస్ ఎప్పుడూ కన్ను మీదే. కంటిని పట్టే సౌకర్యం కెమెరాలో లేకపోతే ఒకే ఒక్క ఫోకస్ పాయింటు ఎంచుకోండి. అన్ని పాయింట్లూ వదిలేస్తే కెమెరా ముందున్న పుల్లను పట్టుకుంటుంది. లెన్సు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఎక్కడా ఆగకపోతే, లెన్సు కనీస ఫోకస్ దూరం కంటే మీరు దగ్గరున్నారేమో చూడండి. చాలా 70-300 లెన్సులకు అది 1 నుంచి 1.5 మీటర్లు.

ముదురు ఆకుల ముందు చిన్నగా కనిపించే తెల్ల కొంగకు ఎక్స్‌పోజర్‌ను 0.7 నుంచి 1 స్టాపు తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). లేకపోతే ఈకలన్నీ కలిసిపోయి తెల్లకాగితంలా వస్తుంది. ఆకాశం ముందున్న కాకికి 1 స్టాపు పెంచండి.

సీతాకోకచిలుకలకూ తూనీగలకూ మళ్లీ కొత్త లెన్సు అక్కర్లేదు. మీ 70-300 ముందు బిగించే ప్లస్ 2 క్లోజప్ ఫిల్టర్ ఒకటి తీసుకోండి, రెండు గాజులు కలిపి చేసిన రకమైతే అంచుల్లో రంగులు చీలవు. అది బిగించి లెన్సును అనంతం దగ్గర ఫోకస్ చేస్తే పురుగుకు 50 సెంటీమీటర్ల దూరం నుంచే తీయవచ్చు. 200 ఎంఎం దగ్గర ఫ్రేము వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు, తూనీగ నిండుగా సరిపోతుంది. అంత దూరముంటే పురుగు బెదరదు. ఇదే పని 50 ఎంఎం లెన్సూ, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబుతో చేస్తే చాలా దగ్గరికి పోవాలి.

ఈ స్థాయిలో పదును మందం మిల్లీమీటర్లలోకి పడిపోతుంది. నిజమైన మాక్రోలో, అంటే పురుగు సెన్సర్ మీద దాని అసలు సైజులో పడినప్పుడు, ఎఫ్ 11 దగ్గర కూడా 1 మిల్లీమీటరు లోపే. అందుకని సెన్సరునూ రెక్కల తలాన్నీ సమాంతరంగా పెట్టడం నేర్చుకోవాలి. రెక్కలు మూసి కూర్చున్న సీతాకోకచిలుకకు సరిగ్గా పక్కనుంచి, రెక్కలు పరచినదానికి సరిగ్గా పైనుంచి తీయాలి. ఎఫ్ 22 పెట్టి తప్పించుకుందామంటే కాంతి చెదిరి మొత్తం ఫోటో మెత్తబడుతుంది. ఎఫ్ 8 నుంచి 11 మధ్యే మంచిది.

పురుగులకు ఒంట్లో సొంత వేడి దాదాపు ఉండదు. రాత్రంతా చల్లబడి, ఎండ తగిలాకే ఎగరగలుగుతాయి. సూర్యోదయానికి ముందూ ఆ తర్వాత అరగంటా మంచుబిందువులతో గడ్డిపోచ మీద కదలకుండా ఉంటాయి. ఎండ పడగానే రెక్కలు విప్పి కాచుకుంటాయి, అప్పుడే పైభాగం రంగులు దొరుకుతాయి. పది గంటల తర్వాత వెంటపడటం వృథా శ్రమ. తూనీగ మాత్రం పగలంతా దొరుకుతుంది. ఎగిరిపోయినా చాలా రకాలు అదే పుల్ల కొసకు తిరిగి వస్తాయి. వెంబడించకుండా ఆ పుల్ల మీద ముందే ఫోకస్ చేసుకుని కదలకుండా కూర్చోండి. ఏ పురుగు దగ్గరికి వెళ్లినా మీ నీడ దానిమీద పడకూడదు. ఫోటో కోసం పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచేవాళ్లున్నారు. అది హింస. అలా తీసిన ఫోటోలో కాళ్లు ముడుచుకుని ఒళ్లు వాలిపోయి ఉంటుంది, తెలిసినవాళ్లకు చూడగానే తెలుస్తుంది.

పెరట్లో నిమ్మ మొక్క ఉంటే దాని లేతాకులను రోజూ వెతకండి. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుకలు ముత్యంలాంటి లేతపసుపు గుడ్లను ఒక్కొక్కటిగా పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొదట్లో నలుపూ తెలుపూ కలిసి తడి రెట్టలా మెరుస్తుంది. పిట్ట రెట్టను పిట్ట తినదు, ఆ వేషమే దానికి రక్ష. చివరిసారి కుబుసం విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. మెల్లగా తాకితే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ముల్లాంటిది బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది. ఆ ఫోటో కోసం పదేపదే పొడవకండి, దాని శక్తి ఖర్చవుతుంది. గూడు కట్టినప్పుడు తల పైకి పెట్టి, నడుముకు ఒక పట్టుదారం చుట్టుకుని పుల్లకు ఆనుకుంటుంది. సీతాకోకచిలుక వచ్చే ముందు గూడు నల్లబడి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తాయి. అది కనిపించిన రాత్రే ట్రైపాడ్ బిగించి, తెల్లవారుజాము నుంచి 10 సెకన్లకొక ఫోటో తీసేలా ఇంటర్వల్ పెట్టండి. గూడు పగలడం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, 1 నిమిషం ఎడం పెడితే అసలు ఘట్టం తప్పిపోతుంది. ముడతలుపడ్డ రెక్కలు సాగి గట్టిపడే వరకు, గంట రెండు గంటలపాటు, దాన్ని ముట్టుకోవద్దు. అప్పుడు కింద పడితే రెక్కలు వంకరగానే ఆరిపోతాయి.

చిన్న పురుగులకు ఫ్లాష్ కావాలి, కానీ నేరుగా కాదు. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య తెల్లటి ట్రేసింగ్ కాగితమో పలచటి ఫోమో, పురుగుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. ఫ్లాష్ శక్తి 16వ వంతు, షట్టర్ 200వ వంతు, ఎఫ్ 11, ఐఎస్ఓ 200తో మొదలుపెట్టి సరిచూసుకోండి. వెనకంతా కటిక నలుపు వస్తే ఫ్లాష్ వెలుగు అక్కడిదాకా చేరలేదని అర్థం. పురుగు వెనక 10 సెంటీమీటర్లలో ఒక ఆకు ఉండేలా కోణం మార్చండి.

రాత్రి వచ్చే పునుగుపిల్లి లాంటివాటికి ట్రైల్ కెమెరా (జంతువు దాటినప్పుడు తనంతట తానే ఫోటో తీసేది) కడతారు. నేలకు 30 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో, జంతువు కెమెరా వైపు నడిచి రాకుండా అడ్డంగా దాటేలా పెట్టండి. దీని సెన్సరు కదిలే వేడిని పట్టుకుంటుంది, అడ్డంగా కదిలితే త్వరగా పట్టుకుంటుంది. ఎదురుగా ఊగే కొమ్మా గడ్డీ కోసేయకపోతే ఎండలో అవి ఊగినప్పుడల్లా ఖాళీ ఫోటోలు వందల్లో చేరతాయి. ఉదయం, సాయంత్రం సూర్యుడికి ఎదురుగా పెట్టకండి. చాలా ట్రైల్ కెమెరాల ఫోకస్ స్థిరంగా ఉంటుంది కాబట్టి 1.5 మీటర్ల లోపలికి వచ్చినదంతా మసకే. 940 నానోమీటర్ల పరారుణ దీపం కంటికి కనిపించదు కానీ దూరం తక్కువ, 850 రకం ఎక్కువ దూరం వెలిగిస్తుంది, దగ్గరనుంచి చూస్తే ఎర్రగా మినుకుమంటుంది. కప్పలు, పాములు చుట్టూ ఉన్న నేలంతే చల్లగా ఉంటాయి కనుక ఈ సెన్సరుకు సాధారణంగా చిక్కవు. కప్పలకు టార్చీ వేసుకుని వెతకడమే దారి. పాము కనిపిస్తే మాత్రం దూరంగానే ఉండి ఉన్న లెన్సుతో తీయండి. మాక్రో కోసం ముందుకు వంగకండి, మీరు ఆ పాము రకం తెలుసనుకున్నా సరే.

పిట్ట గూడు కనిపించినప్పుడు కెమెరా దించేయడం నేర్చుకోండి. గుడ్లూ పిల్లలూ కనిపించాలని అడ్డమున్న ఆకులు కత్తిరిస్తే, ఆ ఆకులు ఆపుతున్న ఎండా, కాకి చూపూ గూటిలోకి దిగుతాయి. మీరు అటూ ఇటూ తిరిగితే కాకులు మీ రాకపోకలనే గమనించి గూడు కనిపెడతాయి. గూటి దగ్గర ఫ్లాష్ వద్దు, పిట్ట కూత రికార్డింగ్ వేసి పిలవడం వద్దు. తల్లి నోట్లో పురుగు పట్టుకుని గూటికి వెళ్లకుండా దూరాన తచ్చాడుతోందంటే కారణం మీరే. వెంటనే వెనక్కి వచ్చేయండి.

తీసినవి ఏ రకమో తెలుసుకోవడానికి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెట్టండి, పిట్టలైతే కార్నెల్ ల్యాబ్ వాళ్ల ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైటులో లెక్క రాయండి. ఒక్క అందమైన ఫోటో కంటే రకం తేల్చే ఫోటోలు ఇక్కడ ముఖ్యం. సీతాకోకచిలుకకు రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ, తూనీగకు పైనుంచీ పక్కనుంచీ, గొంగళిపురుగుకు అది తింటున్న మొక్క ఆకు కూడా తీయాలి. గూళ్ల చోటు, అరుదైన జంతువు తిరిగే చోటు బయటికి కనిపించకుండా లొకేషన్‌ను దాచే వీలుంది, దాన్ని వాడండి. కెమెరా గడియారం సరిచేసుకోవడం మరిచిపోకండి. ఏ పిట్ట మొదట ఏ నెలలో వచ్చింది, నీళ్లకు ఏ గంటలో దిగుతోంది అన్నది ఏడాది తర్వాత ఆ టైము చూసే తెలుసుకోవాలి, మరుసటి ఏడాది మీరు చాటులో ఎప్పుడు కూర్చోవాలో కూడా దాన్ని బట్టే తేలుతుంది.